సగం అంటే దేంట్లో సగం?

మా కార్వేటినగరం మండలంలో తొలకరి పడితే రెండు జరుగుతాయి. చేలో చెనిక్కాయ విత్తనం పడుతుంది. ఏదో ఒక ఊళ్ళో ఎవరో ఒకరిని పాము కరుస్తుంది. మొదటిదానికి లెక్క ఉంది. ఎవరి పేరున ఎన్ని ఎకరాలు, ఏ పంట, అన్నీ ఈ-క్రాప్‌లో ఎక్కుతాయి. పాడి ఆవుకూ లెక్క ఉంది. దాని చెవికి పన్నెండంకెల పసుపు బిళ్ళ ఉంటుంది. ఆ చేలో, ఆ ఆవు కొట్టంలో పనిచేస్తూ పాము కరిచి చనిపోయిన మనిషికి మాత్రం చాలాసార్లు లెక్క లేదు. ఈసారి మన పత్రికలో గిట్టుబాటు ధర సంగతి పక్కన పెట్టి ఈ లేని లెక్క గురించి రాస్తున్నాను.

2024 మార్చి 12న కేంద్ర ఆరోగ్య శాఖ పాము కాటు మీద ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. 2030 నాటికి దేశంలో పాము కాటు మరణాలను సగానికి తగ్గించాలన్నది దాని లక్ష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రపంచానికంతటికీ పెట్టిన గురి కూడా ఇదే. మంచి లక్ష్యమే. పాము కాటు పడేది ఎవరికి? చెరుకు నరికేవాళ్ళకు, చెనిక్కాయ పీకేవాళ్ళకు, రాత్రిపూట మడికి నీళ్ళు కట్టేవాళ్ళకు. అంటే మనకే. ఇన్నేళ్ళకు ఢిల్లీలో ఒక కాగితం మీద మన చావు ఒక సమస్యగా ఎక్కింది. అందుకు సంతోషించాల్సిందే.

కానీ రైతుకు ఒక అలవాటు ఉంది. ఎవరైనా 'సగం ఇస్తాం' అంటే 'మొత్తం ఎంత?' అని ముందు అడుగుతాడు. చక్కెర ఫ్యాక్టరీ బకాయి దగ్గరైనా, మామిడి మండీలో తరుగు దగ్గరైనా మనం నేర్చుకున్నది అదే. ఇక్కడా అదే అడగాలి. సగం అంటే దేంట్లో సగం?

మా చిన్నాయన కొడుకు

మూడేళ్ళ కింద, శ్రావణ మాసంలో జరిగింది. మా చిన్నాయన కొడుకుకు నలభై రెండేళ్ళు. ఒకటిన్నర ఎకరా చెరుకు, కాస్త వరి మడి, రెండు ఆవులు. పగటిపూట కరెంటు అని ఎంత చెప్పినా, ఆ వారం మా వైపు త్రీఫేజు అర్ధరాత్రి దాటాకే వచ్చేది. నీళ్ళు తప్పిపోతాయని వాడు బోరు దగ్గర మోటారు కొట్టంలోనే గోతాలు పరుచుకుని పడుకున్నాడు.

తెల్లారుజామున ఇంటికొచ్చి, 'కడుపులో నొప్పిగా ఉంది, గొంతు పట్టేసినట్టుంది' అన్నాడంట. రాత్రి తిన్నది పడలేదనుకున్నారు. ఊళ్ళో సూదులు వేసేతన్ని పిలిస్తే గ్యాసు అని ఒక సూది వేసిపోయాడు. ఏడు గంటలకు నేను పోయేసరికి కనురెప్పలు ఎత్తలేకపోతున్నాడు. 'నిద్రొస్తా ఉందా నాయనా?' అంటే తల అడ్డంగా ఊపాడు. 'లేదన్నా, రెప్పలు లేస్తా లేవు' అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

కారు మాట్లాడి దగ్గరలోని ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. పాము అయి ఉంటుందని నేను చెప్పాను. 'కాటు ఏదీ?' అన్నారు. వెతికితే కనిపించలేదు. కట్లపాము కాటు అట్లాంటిదే. పళ్ళు సన్నం, వాపు ఉండదు, నొప్పి ఉండదు. నిద్రలో కరిస్తే చీమ కుట్టినట్టు కూడా తెలియదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ పూట అక్కడ ఉన్నవాళ్ళకు తెలిసినట్టు లేదు, తెలిసినా మందు ఉన్నట్టు లేదు. చీటీ మీద కడుపు నొప్పి, ఆయాసం అని రాసి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. మా దగ్గరి నుంచి తిరుపతి సుమారు యాభై కిలోమీటర్లు. పుత్తూరు దాటాక ఊపిరి ఆగిపోయింది. డ్రైవరు కారు పక్కకు తీసి నా మొహం చూశాడు. అక్కణ్ణించే వెనక్కి తిప్పుకుని ఇంటికి తెచ్చేశాం. మరుసటి రోజు మోటారు కొట్టంలో గోతాల కింద కట్లపాము దొరికింది.

ఇప్పుడు మా వాడి చావు ఏ పుస్తకంలో ఎట్లా రాసి ఉందో చూడండి. మొదటి ఆసుపత్రి చీటీలో కడుపు నొప్పి. పెద్దాసుపత్రికి చేరలేదు కాబట్టి అక్కడ పేరే లేదు. పోస్టుమార్టం చేయించలేదు. ఆ దుఃఖంలో మాకు ఆ ఆలోచన రాలేదు, చెప్పినవాళ్ళూ లేరు. మరణ ధ్రువపత్రం కోసం పోతే, డాక్టరు కాగితం లేకుండా పాము కాటు అని రాయలేమన్నారు.

వాడికి బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ఏడాదికి 20 రూపాయలు ఖాతాలోంచి పోతూనే ఉన్నాయి. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు ఇస్తారు. పాము కాటు కూడా దాని కింద ప్రమాదమే. కానీ పాము కాటుకు, చెట్టు మీంచి పడటానికి ఆసుపత్రి రికార్డు ఉండాలని నిబంధన. రికార్డులో ఉన్నది కడుపు నొప్పి. మరదలు మూడుసార్లు బ్యాంకుకు తిరిగి మానుకుంది.

అంటే పాము కరిచి చనిపోయిన మా వాడు ప్రభుత్వం లెక్కలో పాము కరిచి చనిపోలేదు. 2030లో మరణాలు సగానికి తగ్గాయని ఎవరైనా ప్రకటిస్తే, మా వాడు ముందుగానే తగ్గిపోయిన లెక్కలో ఉంటాడు.

50 వేలా, 2 వేలా?

ఇది మా ఇంటి సంగతి మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ఆ జాతీయ ప్రణాళికలోనే రెండు అంకెలు ఉన్నాయి. దేశంలో ఏటా 30 నుంచి 40 లక్షల మందిని పాములు కరుస్తాయని, సుమారు 50 వేల మంది చనిపోతారని ఒకచోట ఉంది. 2016 నుంచి 2020 వరకు రాష్ట్రాలు పంపిన నివేదికల ప్రకారం ఏటా దాదాపు 3 లక్షల కాట్లు, సుమారు 2 వేల మరణాలు అని మరోచోట ఉంది. ఒకే ప్రణాళిక, ఒకే దేశం, అవే పాములు. ఒక అంకె రెండోదానికి పాతిక రెట్లు.

పెద్ద అంకె ఎక్కడిది? దేశమంతటా నమూనాగా కొన్ని లక్షల ఇళ్ళు తీసుకుని, చావు జరిగిన ప్రతి ఇంటికీ శిక్షణ పొందిన మనిషి వెళ్ళి, ఎట్లా చనిపోయారు, ముందు ఏం జరిగింది అని ఇంటివాళ్ళను అడిగి రాసుకున్నారు. ఆ రాతను డాక్టర్లు చదివి కారణం తేల్చారు. ఆ లెక్క ప్రకారం 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళలో పాము కాటుతో 12 లక్షల మంది చనిపోయారు. సగటున ఏడాదికి 58 వేలు. ఎక్కువ మంది చనిపోయింది పల్లెల్లో, ఇళ్ళల్లో. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపల. చావులు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంతకుముందు 2005 సంవత్సరానికి వేసిన లెక్కలో మన ఉమ్మడి రాష్ట్రంలో 5,200 మరణాలని తేలింది. ఉత్తరప్రదేశ్ తర్వాత మనమే.

చిన్న అంకె ఎక్కడిది? ఆసుపత్రి పుస్తకాల నుంచి పైకి పోయినది. ఆసుపత్రికి చేరనివాడు, చేరినా మరో జబ్బు పేరు పడినవాడు, దారిలో పోయినవాడు అందులో ఉండరు.

ఇప్పుడు సగం వేయండి. 50 వేలలో సగం అంటే 25 వేల ప్రాణాలు కాపాడాలి. దానికి మందు, డాక్టరు, అంబులెన్సు, డబ్బు కావాలి. 2 వేలలో సగం అంటే వెయ్యి. దానికి అవేమీ అక్కర్లేదు. వచ్చిన కేసును త్వరగా పక్క ఆసుపత్రికి పంపేస్తే చాలు. చీటీ మీద కడుపు నొప్పి అని రాస్తే చాలు.

ఎవరో కావాలని అట్లా చేస్తారని నేను అనడం లేదు. పై నుంచి ఒక అంకె నెత్తిన పడ్డప్పుడు, కింద పనిచేసేవాడికి పని కంటే అంకె ముఖ్యమైపోతుంది. ఇది మనం మన కళ్ళతో చూసిందే.

ఒక పాత టార్గెట్

1976లో నాకు ఆరేడేళ్ళు. ఊళ్ళోకి జీపు వచ్చిందంటే మగవాళ్ళు చెరుకు తోటల్లోకి పరుగెత్తడం నాకు గుర్తుంది. పిల్లలం మాకు అది ఆటలా ఉండేది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని పట్టుకోవడానికి వచ్చిన జీపు అని పెద్దయ్యాక అర్థమైంది. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. ముందటి ఏడాది చేసినవాటికి అది మూడింతలు. పైన రాష్ట్రానికి ఒక అంకె, దాని కింద జిల్లాకు ఒక అంకె, దాని కింద బడిపంతులుకు ఇన్ని కేసులు, రెవెన్యూ ఉద్యోగికి ఇన్ని కేసులు. ఆ అంకె దిగి దిగి చివరికి ఎవరి ఒంటి మీద ఆగింది? కాదనే బలం లేనివాడి ఒంటి మీద. ఎమర్జెన్సీ పోయింది, మగవాళ్ళు ఆపరేషన్ పేరు చెబితే భయపడటం మిగిలింది. ఆ భారమంతా ఆడవాళ్ళ మీద పడింది. మార్చి నెల వస్తే ఏఎన్ఎం అమ్మ ఇల్లిల్లూ తిరిగి 'ఇంకొక్క కేసు తక్కువైంది, రామ్మా' అని బతిమాలడం మా ఇంట్లో నేను విన్నాను.

1996 ఏప్రిల్‌లో కేంద్రం ఆ టార్గెట్లను ఎత్తేసింది. అలవాటు మాత్రం పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళు పదిమందిలో దాదాపు ఏడుగురికి ఆపరేషన్ అయింది. మగవాళ్ళు వందకు ఒకరు కూడా లేరు. 1994 చట్టంతో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు సర్పంచిగా పోటీ చేయకూడదన్నారు. 2024 నవంబరులో అదే అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది. ఇప్పుడు పిల్లల్ని ఇంకా కనమని చెబుతున్నారు. అంకె కిందికి అన్నా, పైకి అన్నా, మోసేది మాత్రం మన ఇంటి ఆడమనిషే.

ఇందులోంచి నేను నేర్చుకున్నది ఒకటి. టార్గెట్లలో రెండు రకాలున్నాయి. ప్రజల మీద పెట్టేది ఒకటి, ప్రభుత్వం తన మీద తాను పెట్టుకునేది ఒకటి. మొదటిదానికి ఉద్యోగుల జీతాలు ఆగుతాయి, మెమోలు వస్తాయి. రెండోదానికి ఏమీ ఆగదు. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి వైద్యం మీద పెట్టే ఖర్చును 2025 నాటికి దేశ స్థూల ఉత్పత్తిలో 2.5 శాతానికి తెస్తామని రాసుకున్నారు. 2021-22 లెక్కల్లో అది 1.84 శాతం. కరోనా ఏడాదిలో కూడా అంతే. దానికి ఎవరికైనా మెమో వచ్చిందా?

లెక్క నిజమైతే లక్ష్యం పనిచేస్తుంది

అందుకని టార్గెట్లే వద్దనడం సరికాదు. గురి లేకుండా పని జరగదు. మన దేశంలోనే బాగా జరిగినవి ఉన్నాయి.

పోలియో చూడండి. 2000 నాటికి ప్రపంచంలో లేకుండా చేస్తామన్నారు. మన దేశంలో కాలేదు. గడువు దాటి పదేళ్ళు పోయింది. కానీ గడువు దాటిందని లెక్క దాచలేదు. ఏ పిల్లవాడికి హఠాత్తుగా కాలో చెయ్యో చచ్చుబడినా, అది పోలియో అయినా కాకపోయినా రాశారు, మల పరీక్ష చేయించారు. ఏటా వేల కేసులు అట్లా పుస్తకంలో ఎక్కాయి. ఎక్కువ రాసినందుకు ఎవరినీ తిట్టలేదు, రాయనందుకే అడిగారు. వైరస్ ఎక్కడ దాక్కుందో అందుకే తెలిసింది. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో బెంగాల్‌లోని హౌరాలో దొరికింది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో లేనిదని ప్రకటించారు.

బాలింత చావులూ అంతే. లక్ష కాన్పులకు 100కు తగ్గించాలని 2017 విధానంలో 2020 గడువు పెట్టారు. 2018-20 లెక్కలో 97కు వచ్చింది. మా అమ్మ కాలంలో కాన్పుకు పోవడమంటే కాటికి ఒక కాలు చాపడమే. ఇప్పుడు గర్భిణి పేరు మూడో నెలలోనే రాస్తారు. బాలింత చనిపోతే ఇంటికొచ్చి అడుగుతారు. ఎన్ని గంటలకు నొప్పులు మొదలయ్యాయి, బండి ఎప్పుడొచ్చింది, ఏ ఆసుపత్రిలో ఎంతసేపు ఆపారు, రక్తం ఎందుకు దొరకలేదు, అన్నీ విచారిస్తారు. ఒక చావు నుంచి మరో చావు ఆపడం నేర్చుకుంటారు.

పాము కాటుకూ ఇదే కావాలి. అందుకే నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇది. పాము కాటు చావులు నిజంగా సగం కావాలంటే, ముందు కాగితం మీద వాటి సంఖ్య పెరగాలి. ఇన్నాళ్ళూ రాయనివి రాయడం మొదలుపెడితే జిల్లాలో పది ఉన్నచోట వంద కనిపిస్తాయి. అది చూసి కలెక్టరు డాక్టరును కసురుకుంటే ఆ మరుసటి నెల మళ్ళీ పదే కనిపిస్తాయి, చావులు మాత్రం వందే ఉంటాయి. నిజం రాసిన డాక్టరుకు అండగా నిలబడాల్సింది మనం. సంఖ్య పెరిగిందని పేపర్లో వస్తే 'ఈ ప్రభుత్వంలో పాము కాట్లు పెరిగాయి' అని గోల చేసే పని మన సంఘం చేయకూడదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే మాట మీద ఉండాలి.

కర్ణాటక 2024 ఫిబ్రవరిలోనే పాము కాటును తప్పక నమోదు చేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో తమిళనాడు ప్రకటించింది. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా కేసు వస్తే రాసి పంపాల్సిందే. ఆ నవంబరులోనే అన్ని రాష్ట్రాలూ ఇట్లా చేయాలని కేంద్రం ఉత్తరం రాసింది. మన చిత్తూరు జిల్లాకు ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. పళ్ళిపట్టులో ఎక్కే లెక్క కార్వేటినగరంలో ఎక్కకపోవడానికి కారణం ఉండకూడదు. పాముకు రాష్ట్రం ఎల్లలు తెలియవు.

చావు లెక్కతో పాటు మందు లెక్క

చావులకు మాత్రమే టార్గెట్ పెడితే ఇంకో చిక్కుంది. ఏడాది చివర అంకె వచ్చేదాకా పని జరుగుతోందో లేదో తెలియదు. చెరుకు ఎన్ని టన్నులైందో కోత అయ్యాక కాటా మీద చూస్తాం. కానీ నీళ్ళు, ఎరువు, కలుపు సంగతి ప్రతి వారం చూసుకుంటాం కదా. అట్లా నెలనెలా చూడదగ్గ లెక్కలు కావాలి.

మొదటిది మందు. మన దగ్గర ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. నాలుగింటికీ ఒకటే విరుగుడు మందు. అందుకే ఏ పామో తెలియకపోయినా వైద్యం మొదలుపెట్టవచ్చు. ఆ మందు తయారీకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? తమిళనాడులో మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో ఇరుళ పాములవాళ్ళ సహకార సంఘం 1978 నుంచి ఉంది. పాములు పట్టి, విషం తీసి, పామును మళ్ళీ అడవిలో వదిలేస్తారు. మన ఊరి నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరుకునే దూరం. విషం మన పొరుగున తీస్తున్నారు, హైదరాబాదు వైపు కూడా మందు తయారవుతోంది. అది మన పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో ఎన్ని సీసాలుందో మాత్రం మనకు తెలియదు. మొదటి మోతాదుకే కనీసం పది సీసాలు కావాలి. రెండు సీసాలుంటే ఉన్నట్టు కాదు.

రెండోది పరీక్ష. పింజరి విషానికి రక్తం గడ్డకట్టదు. శుభ్రమైన, తడిలేని గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టి వంచి చూస్తే తెలిసిపోతుంది. లక్షల మిషను అక్కర్లేదు. గాజు గొట్టం, గడియారం, నేర్చుకున్న మనిషి చాలు.

మూడోది ఊపిరి. కట్లపాము, నాగుపాము విషం ఊపిరి కండరాలను పడేస్తుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మనిషి గాలి పీల్చుకోలేడు. చేత్తో నొక్కే గాలి సంచితో దారి పొడుగునా ఊపిరి ఇస్తూ పోతే, పెద్దాసుపత్రిలో వెంటిలేటరు మీద కొన్ని రోజులకు మనిషి లేచి కూర్చుంటాడు. మా వాడి విషయంలో నా గుండెలో ఇప్పటికీ గుచ్చుకునేది ఇదే. కారులో మేం నలుగురం ఉన్నాం. ఆ సంచి ఒకటి ఉండి, నొక్కడం తెలిసినవాడు ఒకడు ఉంటే చాలేమో.

నాలుగోది కరెంటు. ఇది ఆరోగ్య శాఖ పుస్తకంలో కనిపించదు, కానీ రైతుకు ఇదే మొదటిది. పగటిపూట త్రీఫేజు ఇస్తే మోటారు కొట్టంలో గోతాల మీద పడుకోవాల్సిన అవసరమే లేదు. ఏ ఫీడరులో ఎన్ని గంటలు పగలిచ్చారు, ఎన్ని గంటలు రాత్రిచ్చారు అన్నది సబ్‌స్టేషన్ పుస్తకంలో ఉంటుంది. అది కూడా పాము కాటు లెక్కలో భాగమే.

మన డిమాండ్లు

మండల కమిటీ ముందు పెట్టడానికి ఇవి రాస్తున్నాను. చర్చించి మార్చుకోవచ్చు.

1. మొదట మొత్తం తేల్చాలి. గత ఐదేళ్ళలో పాము కాటుతో చనిపోయినవాళ్ళ వివరాలను ఆశా కార్యకర్తలతో ఇల్లిల్లూ అడిగించి, ఊరివారీగా జిల్లాలో ప్రకటించాలి. 2030లో సగం అయిందో లేదో ఆ అంకెతో పోల్చి చెప్పాలి.

2. ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి ప్రైవేటు ఆసుపత్రిలో పాము కాటు రిజిస్టరు ఉండాలి. అనుమానం ఉన్న కేసూ రాయాలి. వేరే ఆసుపత్రికి పంపితే ఆ మనిషి చేరాడా, బతికాడా అని కనుక్కుని అదే వరసలో రాయాలి.

3. బాలింత చావును విచారించినట్టే ప్రతి పాము కాటు చావునూ విచారించాలి. శిక్ష వేయడానికి కాదు, ఎక్కడ ఆలస్యమైందో తెలుసుకోవడానికి.

4. విరుగుడు మందు ఎన్ని సీసాలుందో పీహెచ్‌సీ బయటి గోడ మీద తెలుగులో రాసి రోజూ మార్చాలి. రేషన్ షాపులో నిల్వ బోర్డు పెట్టమన్నవాళ్ళు ఇది కూడా పెట్టగలరు.

5. వ్యవసాయ కరెంటు పూర్తిగా పగటిపూటే ఇవ్వాలి.

6. ఆసుపత్రికి చేరకముందే చనిపోయినవాళ్ళ విషయంలో ఊరి విచారణ ఆధారంగా ధ్రువపత్రం ఇచ్చి, బీమా అందేటట్టు చేయాలి.

వీటిలో ఒక్కటి కూడా రైతు మీద పెట్టే టార్గెట్ కాదు. అన్నీ ప్రభుత్వం మీద పెట్టేవే.

మనం చేయాల్సింది

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఈ నెల సభ్యత్వానికి ఊళ్ళకు పోయేటప్పుడు సభ్యత్వ పుస్తకంతో పాటు ఒక నోటుబుక్కు తీసుకుపోదాం. ప్రతి ఇంట్లో మూడు ప్రశ్నలు: ఐదేళ్ళలో ఈ ఇంట్లో ఎవరినైనా పాము కరిచిందా? బతికారా, లేదా? ఏ ఆసుపత్రిలో ఏమని రాశారు? ఇంటివాళ్ళు ఇష్టపడితేనే రాయాలి. కూలి ఇళ్ళనూ, ఎస్టీ కాలనీలనూ వదలకూడదు. భూమి లేనివాళ్ళే ఎక్కువగా చేలో వంగి పనిచేసేది. మండలంలో పది ఊళ్ళ లెక్క చేతిలో ఉంటే జిల్లా వైద్యాధికారి దగ్గర మన మాటకు బరువుంటుంది. మందు నిల్వల వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. 30 రోజుల్లో జవాబివ్వాల్సిందే.

ఇక కరిచినప్పుడు సంగతి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పోయొద్దు. మంత్రం దగ్గర పోయే గంటే ప్రాణం పోయే గంట. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర పెట్టి వదులుగా కట్టండి. మనిషిని నడిపించొద్దు. పామును వెతుకుతూ పొద్దు పుచ్చొద్దు. 108కి ఫోన్ చేయండి. పాము కాటు సలహాకు 15400 అనే నంబరును ముందుగా ప్రవేశపెట్టే ఐదు చోట్లలో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా కేంద్రం చెప్పింది, అదీ గుర్తుంచుకోండి. వానాకాలంలో చేలో పడుకున్నవాడు పొద్దున లేచి కడుపు నొప్పి, రెప్పలు బరువు అంటే కాటు కనిపించకపోయినా పామే అనుకుని పరుగెత్తండి. ఆసుపత్రిలో చీటీ మీద 'పాము కాటు అనుమానం' అని రాయమని గట్టిగా అడగండి. ప్రాణం దక్కకపోతే, ఎంత దుఃఖంలో ఉన్నా పోస్టుమార్టం చేయించండి. మేం చేయించలేదు. అందుకే చెబుతున్నాను.

2030కి ఎంతో దూరం లేదు. ఆ ఏడాది ఢిల్లీలో ఎవరో ఒక అంకె చదువుతారు. ఆ అంకె నిజమో కాదో చెప్పడానికి మన దగ్గర ఒక నోటుబుక్కు ఉండాలి. మా మండలంలో మొదటి పేజీ మొదటి వరసలో మా చిన్నాయన కొడుకు వివరం నేను రాసేశాను. రెండో వరస నుంచి మీరు రాయండి.